తనను తానే గుద్దుకున్న డ్రైవర్

మొన్న మా చెల్లెలి కొడుకు కారు కొనబోతూ ఫోన్‌లో ఒక పట్టిక చూపించాడు. ఏ కంపెనీ కారు నడిపేవాళ్లు ఎక్కువ ప్రమాదాలు చేస్తారో, ఏ కంపెనీ వాళ్లు తక్కువ చేస్తారో రంగురంగుల గీతలు గీసి పెట్టారు. "పెద్దమ్మా, అందరికంటే సేఫ్ డ్రైవర్లు ఈ కంపెనీ వాళ్లేనట" అన్నాడు. ఆ కారు కొంటే స్టెప్నీ టైరుతో పాటు ఆ జాగ్రత్త కూడా ఉచితంగా వస్తుందని వాడి నమ్మకం. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయమంటే మూడు వేసి దిగిన ఘనుడు వాడు.

నేను నవ్వితే వాడికి కోపం వచ్చింది. నాకు డేటా మీద నమ్మకం లేదన్నాడు. డేటా మీద నాకేం పగ లేదు. దాన్ని వండే వంటింట్లో కొన్నాళ్లు నిలబడ్డాను, అందుకే వడ్డించినప్పుడు కాస్త వాసన చూస్తాను. ఆ సంగతి చెప్పబోతే వాడు సగంలోనే లేచి షోరూముకు వెళ్లిపోయాడు. మీరైనా కూర్చోండి.

నేను నిజామాబాద్‌లో మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. ఆ పేరు ఎవరూ పలకరు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆడమనిషి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఏమిటని మొదట్లో బోధన్ లారీలవాళ్లు పని లేకపోయినా వచ్చి నన్ను చూసి పోయేవారు. లైసెన్సు పరీక్షలు పెట్టడం, బండ్లకు ఫిట్‌నెస్ ఇవ్వడం, ప్రమాదం జరిగితే పోలీస్ స్టేషన్‌కు వెళ్లి అక్కడ నిలబెట్టిన బండిని చూసి రిపోర్టు రాయడం మా పని. ఆ రిపోర్టులో ఎంత రాసినా చదివేది ఒక్క ముక్కే. బ్రేకులు పనిచేస్తున్నాయా, లేదా? పనిచేస్తున్నాయంటే తప్పు డ్రైవర్‌ది. మిగతాదంతా నేను చేతిరాత బాగుపడటానికి రాసుకున్నట్టు లెక్క.

అది నా సర్వీసులో ఆఖరి చలికాలం. బోధన్ రోడ్డు మీద ప్రమాదాలు పెరిగాయని జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఒక నివేదిక తయారు చేయించాలనుకుంది. అందుకు హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెంటు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, ఇస్త్రీ నలగనివాడు. మా ఆఫీసులో ఏసీ ఉన్న ఒకే ఒక్క గదిలో కూర్చుని, పాత కేసులన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, బోధన్ వైపు ముఖమైనా పెట్టకుండా బోధన్ రోడ్డు రోగం కనిపెట్టేశాడు.

కంపెనీల పేర్లు నేను రాయను. రాస్తే ఈ వయసులో వకీలు నోటీసులు చదువుకుంటూ కూర్చోవాలి. ఒక కంపెనీవి తెల్ల బండ్లు అనుకోండి. నిజామాబాద్ నుంచి బోధన్‌కు, వర్నికి సీటుకు ఇంత అని మనుషులను ఎక్కించుకుని పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా తిరిగే షేరింగ్ బండ్లు. ఇంకో కంపెనీవి నల్ల బండ్లు. ఎత్తుగా, అద్దాలు కూడా నల్లగా, కాంట్రాక్టర్లు, మిల్లుల ఓనర్లు, నాయకులు ఎక్కే బండ్లు. కన్సల్టెంటు చార్టులో తెల్ల కంపెనీ గీత కొబ్బరిచెట్టులా పైకి పోయింది. నల్ల కంపెనీ గీత నేలను వదల్లేదు.

"చూశారా మేడం? సమస్య రోడ్డు కాదు, ఈ కంపెనీ డ్రైవర్లు" అన్నాడు తెల్ల గీతను వేలితో తడుతూ.

"తెల్ల బండ్లు ఎన్ని ఉన్నవి బాబు, నల్లవి ఎన్ని ఉన్నవి?" అన్నాను.

"అది వేరే డేటాసెట్ మేడం."

"తెల్లది దినమంత తిరుగుతది. నల్లది పెళ్లికి పోయి వస్తది. తెల్లదాంట్ల దెబ్బ తగిలితె సర్కారు దవాఖానకు పోతరు, కేసైతది. నల్లది ఎవర్నన్న గుద్దితె అక్కడ్నే మాట్లాడుకొని పంపిస్తరు. మరి కేసు ఎక్కడ్నుంచి వస్తది?"

"మేడం, రికార్డులో లేనిదాన్ని నేను లెక్కపెట్టలేను కదా" అన్నాడు ఓపికగా, పాఠం రాని పిల్లకు చెప్పినట్టు.

నాకు మా ఆయన గుర్తొచ్చారు. రోజూ వంట చేసే నా చేతుల మీద కాలిన మచ్చలున్నాయి. పెళ్లయిన నాటి నుంచి పొయ్యి దగ్గరికి రాని ఆయన చేతులు తమలపాకుల్లా ఉంటాయి. ఈ కన్సల్టెంటు మా ఇంటికి వస్తే ఆయనే గొప్ప వంటవాడని తేల్చి, నన్ను వంటింట్లోంచి బహిష్కరించేవాడు. ఆ మాట అతనితో అంటే బాగా నవ్వి, చాలా బాగుంది మేడం అన్నాడు. చార్టు మాత్రం మార్చలేదు. చెరకు ట్రాక్టర్ల వెనక ట్రాలీలకు ఎర్ర లైటు ఉండదు, చీకటి పడ్డాక వాటిని ఒక్కసారి వెళ్లి చూడమన్నాను. అది తనకిచ్చిన పని పరిధిలోకి రాదన్నాడు.

కమిటీకి చార్టు బ్రహ్మాండంగా నచ్చింది. రోడ్డు వెడల్పు చేయాలంటే నిధులు కావాలి, చెట్లు కొట్టాలి, ఎవరిదో ప్రహరీ కూలగొట్టాలి. డ్రైవర్‌దే తప్పంటే ఒక ఫ్లెక్సీ చాలు. రెండు నిర్ణయాలు చేశారు. ఒకటి, ఒకటికి మించి కేసులున్న తెల్ల బండి డ్రైవర్ల లైసెన్సులు చెరకు కాలం అయ్యేదాకా సస్పెండు చేయాలి. రెండోది, ఒక్క కేసూ లేని నల్ల బండి డ్రైవర్లకు సభ పెట్టి అందరి ముందు సన్మానం చేయాలి, వాళ్లను చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారు. భోజనాలు, శాలువాలు తామే పెట్టుకుంటామని నల్ల బండ్లు అమ్మే షోరూము వాళ్లు ముందుకొచ్చారు. ఎంత సేవాభావమో చూడండి.

సభకు ముందురోజు బోధన్ అడ్డా నుంచి ఒక తెల్ల బండి డ్రైవర్ భార్యతో కలిసి నా దగ్గరికి వచ్చాడు. నలభై దాటిన మనిషి. అతనికి లైసెన్సు పరీక్ష పెట్టింది నేనే. వెనకొచ్చే బండికి సైగ చేయకుండా పక్కకు కదలని రకం. అడ్డాలో అతన్ని ఎద్దుల బండి అని ఎగతాళి చేసేవారు. భార్య బీడీలు చుడుతుంది. వాళ్ల చేతిలో రెండు కాగితాలున్నాయి.

"మేడం, గీ కాగితం సూస్తె నేను ఖతర్నాక్ డ్రైవర్నట, లైసెన్సు ఆపుతరట. గీ కాగితం సూస్తె నాకు శాలువ కప్పుతరట. రెండూ ఒకటే దినం, ఒకటే హాలు. నేను ఏ దిక్కు కూసోవాలె?" అన్నాడు.

రెండు కాగితాలూ చదివాను. పేరు అదే, తండ్రి పేరు అదే, లైసెన్సు నంబరు అదే. ఎంత నవ్వు వచ్చిందంటే, అతని ముఖం చూసి ఆపుకోవాల్సి వచ్చింది.

దీనికి మూలం మా వైపు ఉన్న ఒక అలవాటు. పేరు పెట్టుడు అంటారు. ప్రమాదం జరిగినప్పుడు స్టీరింగ్ దగ్గరున్న మనిషికి లైసెన్సు లేకపోతే, లైసెన్సున్న ఇంకొకడు స్టేషన్‌కు వెళ్లి నేనే తోలానని చెబుతాడు. అడ్డాలో ఇది మోసం కాదు, మంచితనం. పెళ్లికి చేబదులు బంగారం ఇచ్చినట్టు పేరు ఇస్తారు. ఇతను మెత్తని మనిషి కాబట్టి ఇతని పేరు బాగా తిరిగింది.

అతని మీద మూడు కేసులున్నాయి. వర్ని దగ్గర బర్రె అడ్డం వస్తే బండిని కాలువ గట్టు ఎక్కించింది ఒకటి, అది నిజంగా అతనిదే. రెండోది బావమరిదిది. బావమరిది లైసెన్సు గడువు దాటి ఉండగా రైల్వే గేటును గుద్దితే ఇతను పేరు పెట్టాడు. మూడోదే అసలు ముచ్చట. ఎడపల్లి దాటాక ఇతను బండి పక్కకు ఆపి ఒక ముసలమ్మను దించుతుంటే, వెనక నుంచి ఒక నల్ల బండి వచ్చి గుద్ది ఆగకుండా పోయింది. లోపలున్నవాళ్లకు దెబ్బలు తగిలాయి. కేసు ఎవరి మీద అయింది? దొరికినవాడి మీద. రోడ్డు మీద నిర్లక్ష్యంగా బండి నిలిపాడట.

ఆ తెల్ల బండిని స్టేషన్‌లో చూసింది నేనే. వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయింది, ఆ నొక్కులో నల్ల బండి నంబరు ప్లేటు సగం విరిగి ఇరుక్కుని ఉంది. అదంతా రిపోర్టులో రాశాను. బ్రేకులు పనిచేస్తున్నాయని కూడా రాశాను. చదివింది అదొక్కటే.

ఆ సగం నంబరు ప్లేటు బోధన్‌లో ఒక కాంట్రాక్టర్‌ది. ఆయన లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయింది. మళ్లీ తీసుకోవాలంటే కంటి పరీక్షకు పోవాలి, పోతే కళ్లద్దాలు రాస్తారు, పెట్టుకుంటే ముసలివాడిలా కనిపిస్తాడు. అందుకని లైసెన్సూ లేకుండా, అద్దాలూ లేకుండా తనే తోలుకుంటాడు. కాగితాల మీద డ్రైవర్ మాత్రం ఆదివారాలు ఆయన ఇంటివాళ్లను పెళ్లిళ్లకు తీసుకెళ్లే మన తెల్ల బండి మనిషే. మంచి డ్రైవర్ పేరు పంపమని షోరూము అడిగితే ఆయన ఈ పేరే పంపాడు.

"మరి నిన్ను గుద్దింది ఎవరో ఆ హాల్లో చెప్పాలె గదా?" అన్నాను.

డ్రైవర్ కంగారుపడ్డాడు. "వద్దు మేడం. కాంట్రాక్టర్ సాబ్ పెద్ద మనిషి. ఆదివారం పని పోతది."

అంతదాకా మాట్లాడని భార్య కొంగు విదిలించి మధ్యలోకి వచ్చింది. "పోతె పోనియ్యి. ఆదివారం పోతె ఒక్క దినం పోతది, లైసెన్సు పోతె ఇల్లే పోతది. నేను చాట పట్టుకొని ఎన్ని బీడీలని చుట్టాలె? చెప్పుండ్రి మేడం, మీరు చెప్పుండ్రి. ఈయనకు నోరు లేదు, ఉన్న పేరేమో ఊరంత పంచిండు."

మర్నాడు హాలు నిండింది. వేదిక మీద జిల్లా పెద్దసారు, అంటే కలెక్టరు, పక్కన కన్సల్టెంటు, ముందు వరసలో కాంట్రాక్టర్. తెల్ల బండ్లవాళ్లను వెనక గోడ దగ్గర కూర్చోబెట్టారు. ముందు సన్మానం. ఈ నల్ల వాహనాన్ని ఏళ్ల తరబడి ఒక్క ప్రమాదం లేకుండా నడిపిన ఏకైక చోదకుడు అని మైకులో చదివారు. మన మనిషి తలొంచుకుని వచ్చి శాలువా కప్పించుకుని, జ్ఞాపిక పట్టుకుని ఫొటోకు నిలబడ్డాడు. ఎటు పోవాలో తెలియక మళ్లీ వెనక గోడ దగ్గరికే వెళ్లి కూర్చున్నాడు.

తర్వాత కన్సల్టెంటు చార్టు తెర మీదికి వచ్చింది. ప్రమాదకర డ్రైవర్ల పేర్లు పిలవడం మొదలైంది. పేరు పిలిస్తే లేచి నిలబడాలి, అందరూ చూడాలి. మన మనిషి పేరు పిలిచారు. లేచి నిలబడ్డాడు, భుజాల మీద శాలువా అలాగే ఉంది.

ముందు వెనక వరసలు నవ్వాయి, తర్వాత నవ్వు ముందుకు పాకింది. కన్సల్టెంటు ఇద్దరూ వేరువేరు మనుషులై ఉంటారన్నాడు. కాదని తేలింది. పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఏమయ్యా, ఇంతకీ నువ్వు మంచి డ్రైవర్‌వా, చెడ్డ డ్రైవర్‌వా?" అని అడిగారు.

"నాకెట్ల తెలుస్తది సార్? ఆదివారం నల్ల బండి తోల్త, కడమ దినాలు తెల్ల బండి తోల్త. చేతులైతే గివే" అన్నాడు రెండు చేతులూ చూపిస్తూ.

నేను లేచాను. కాంట్రాక్టర్ వైపు తిరిగి, "సాబ్, ఆ నల్ల బండి మీరెప్పుడన్న తోల్తరా?" అన్నాను.

"నేనెందుకు తోల్త మేడం? నాకు లైసెన్సే లేదు. అంత మా డ్రైవరే" అన్నాడాయన దర్జాగా.

"అయితె వినుండ్రి సార్" అని పెద్దసారుతో అన్నాను. "ఎడపల్లి దగ్గర ఆగి ఉన్న తెల్ల బండిని వెనకనుంచి గుద్దింది సాబ్ నల్ల బండే. సగం నంబరు ప్లేటు నా రిపోర్టుల ఉన్నది. నల్ల బండికి ఒకడే డ్రైవర్ అని ఇప్పుడే మైకుల చదివిండ్రు. వాడు గీయన. ఆగి ఉన్న తెల్ల బండికి డ్రైవరెవరు? గీయననే. అంటె ఈ మనిషి తెల్ల బండి ఆపి ముసలమ్మను దించుకుంటనే, వెనకకు ఉరికి, నల్ల బండెక్కి వచ్చి తనను తానే గుద్దుకున్నడు. ఇసొంటి డ్రైవర్ దేశంల ఇంకొకడు లేడు. ఇంకో శాలువ కప్పుండ్రి."

హాలు గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది కాంట్రాక్టరే. "మేడం జోకులు మంచిగ చెప్తది" అన్నాడు. పెద్దసారు కూడా నవ్వి, ఆ కేసు మళ్లీ పరిశీలించి లెక్క సరిచేయండని కన్సల్టెంటుకు చెప్పారు. ఆ రోజు ఎవరి లైసెన్సూ ఆగలేదు. షోరూము వాళ్లు పెట్టిన బగారా అన్నం కడుపు నిండా తిని, గెలిచాననుకుని ఇంటికొచ్చాను. ఎంత గర్వపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నెల తిరక్కుండా రిటైరయ్యాను. నాకూ ఒక శాలువా కప్పారు. ఆ తర్వాతే నివేదిక అచ్చయింది. కన్సల్టెంటు మాట తప్పలేదు, లెక్క నిజంగానే సరిచేశాడు. రెండు బండ్లకూ డ్రైవర్ ఒకడేనని సభలో రుజువైంది కదా. ఆ డ్రైవర్ ప్రధానంగా తోలేది తెల్ల బండి కదా. కాబట్టి నిర్లక్ష్యంగా నిలిపిన తప్పూ, వెనక నుంచి గుద్దిన తప్పూ రెండూ తెల్ల కంపెనీ డ్రైవర్ ఖాతాలోకే పోయాయి. మూడు కేసులు నాలుగయ్యాయి. తెల్ల గీత ఇంకాస్త పెరిగింది, నల్ల గీత నేల మీదే పడుకుంది. నేను వెటకారం చేశాననుకున్నాను, వాళ్లు దాన్ని సమాచారంగా రాసుకున్నారు. ఇన్నేళ్లు రాసిన రిపోర్టుల్లో ఒక్క ముక్కకు మించి చదవనివాళ్లు, నోటితో అన్న జోకును మాత్రం అక్షరం పోకుండా వాడుకున్నారు.

లైసెన్సు ఆగిపోయింది. నాకు తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు చేశాను. రిటైరైన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఫోన్‌ను ఎవరు ఎత్తుతారు? ఎత్తినవాళ్లు ఆరోగ్యం ఎలా ఉందని అడిగి పెట్టేశారు.

బండి ఖాళీగా పెడితే ఇల్లు గడవదు. అందుకని డ్రైవర్ తోలడానికి ఆ బావమరిదిని పెట్టాడు. బావమరిది ఈలోపు లైసెన్సు మళ్లీ చేయించుకున్నాడు. అతని పేరు మీద ఒక్క కేసు కూడా లేదు. ఎందుకు లేదో మీకు తెలుసు. కమిటీ లెక్కలో అతను మచ్చలేని డ్రైవర్. అడ్డాలో అతన్ని ఎవరూ ఎద్దుల బండి అనలేదు, ఎక్స్‌ప్రెస్ అనేవారు. ఎక్కేవాళ్లు కూడా సంతోషించారు, తొందరగా చేరుస్తున్నాడని.

చెరకు కొట్టే రోజులు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకంతా దూరం పోతుంది కదా, సాయంత్రమైతే రోడ్డు నిండా ట్రాక్టర్లే. దీపాలు పెట్టే వేళ, ముందు పోతున్న చెరకు ట్రాలీ కనిపించక బావమరిది బండిని దాని కిందికి తీసుకెళ్లాడు. ముందు సీట్లో కూర్చున్న ఇద్దరిలో ఒకరు అక్కడే పోయారు. వర్నిలో కూతుర్ని చూసి వస్తున్న పెద్దాయన. రెండో మనిషి మన డ్రైవర్ భార్య.

నిజామాబాద్ సర్కారు దవాఖానకు వెళ్లాను. ఆమె కుడిచేతికి మోచేతిదాకా కట్టు. వేళ్లు కట్టు బయటికి కనిపిస్తున్నాయి, కదలడం లేదు. బీడీ చుట్టే వేళ్లు. డాక్టరు మళ్లీ పట్టు వస్తుందో రాదో చెప్పలేనన్నాడట. డ్రైవర్ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ జరిపాడు. తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది.

అప్పుడే నా ఫోన్ మోగింది. కమిటీ వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేయడం ఎవరికీ గుర్తులేదు. అందులో కన్సల్టెంటు రాశాడు. ఈ దురదృష్టకర ఘటన మన విశ్లేషణ సరైనదని మరోసారి నిరూపించింది, ఇది కూడా అదే కంపెనీ వాహనమే అని. కింద పెద్దసారు బొటనవేలు బొమ్మ పెట్టారు. సన్మానం నాటి నుంచి గ్రూపులో ఉన్న కాంట్రాక్టర్ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపించింది.

"ఏమన్నరు మేడం?" అంది ఆమె మంచం మీది నుంచి.

దాచడం చేతకాక చదివి వినిపించాను. ఆమె ఎడమచేత్తో కట్టు బయటి వేళ్లను సర్దుకుంది.

"మా బండి కంపెనీ రాసిండ్రు. మరి గా చెరకు ట్రాలీ ఏ కంపెనీదట?"

"దానికి కంపెనీ ఉండదు చెల్లె. బోధన్‌ల వెల్డింగు షెడ్డుల కొట్టిచ్చిందే."

"గట్లనా" అంది ఆమె. "అయితె గది లెక్కల రాదు."